ఎండు చూర మీద సల్లిన నీళ్లు

మొన్న మందమర్రి బజార్ల చాయ్ హోటల్ కాడ కూసున్న. టీవీల ఒక బస్సును చూపిస్తున్నరు. పెట్రోల్ వద్దట, డీజిల్ వద్దట, హైడ్రోజన్ గ్యాస్ పోస్తే నడుస్తదట, ఎనుకకెల్లి పొగకు బదులు ఆవిరి వస్తదట. నా పక్కపొంటి నా దోస్తు ఉండె. నాతోనే బాయిల బొగ్గు ఎత్తి, నాతోనే రిటైరైనోడు. చాయ్ ఊదుకుంట అన్నడు:

"ఏముందే, నీళ్లు పోస్తే నడుస్తది గా బస్సు."

"నీకెట్ల ఎరుక?" అన్న.

గంతే. ఆయన మొకం మాడిపోయింది. "నాకెట్ల ఎరుకనా? నువ్వేమన్న దానికి డ్రైవర్‌వా? కాటికి కాళ్లు సాపినా నీ నోటి దూల తగ్గలే" అని గ్లాసు టక్కున పెట్టి లేచి పోయిండు.

నేను పొగరుతోని అనలే. గా మాట అసలు నాది గాదు. ఒక ఆడమనిషిది. హైడ్రోజన్‌ను పట్టిపెట్టుడు, ఇడిపిచ్చుడు, గీ రెండు పనులు తప్ప లోకంల వేరే ముచ్చట లేనట్టు బతికింది. పోయిన వానకాలం సచ్చిపోయింది. ఎవరేం చెప్పినా ఆమె నోట్లెకెల్లి ముందుగాల వచ్చేది గదే: "నీకెట్ల ఎరుక?" వాన వస్తదన్నా గంతే, చాయ్‌ల చక్కెర ఎక్కువైందన్నా గంతే. ఎక్కిరిచ్చుడు గాదు, నిజంగనే తెలుసుకుందామని అడుగుతది. మనం ధీమాగ చెప్పే మాటలల్ల సగం మనకు ఎరుక లేనియేనని గప్పుడు తెలుస్తది. శానమందికి కోపమే వస్తది. నా దోస్తుకు వచ్చినట్టు.

ఆమె పేరు నేను రాయను. ఎవరన్న కాయిదం మీద తన పేరు పెద్దక్షరాలతోని రాస్తే, "పేరెందుకు, పని రాయుండ్రి" అంటుండె. అందుకే పనే రాస్త.

ఆమెకు సందులంటే పిచ్చి. గోడ పగుల్ల చీమలు పోతుంటే నిలవడి చూస్తది. చాయ్ వడగట్టేటప్పుడు జల్లెట్ల ఆకు ఎట్ల అడ్డం పడ్డదో చూస్తది, చాయ్ సల్లారినా సరే. ఒక దినం లక్సెట్టిపేటకు పోదామని బస్టాండ్ల నిలవడ్డం. రెండు బస్సులు వచ్చినయి. ఆమె ఎక్కలే.

"చూసినవా కాకా, తలుపు వెడల్పున్న బస్సుకు జనం ఒకల మీద ఒకలు వడ్డరు. గా సన్న తలుపు బస్సుకు లైన్ కట్టి జల్ది ఎక్కిండ్రు. ఎందుకట్ల?"

"బస్సు పోతుంది బిడ్డా, ఎక్కు."

"ఆగు జర. గా ముసలవ్వ బుట్ట పట్టుకొని వచ్చింది చూడు, సన్న తలుపు కాడ ఆమె ఇరికితే మొత్తం ఆగింది. అంటే సందు సన్నగుంటే మంచిదే, గని అడ్డం ఉండొద్దు."

రెండు బస్సులూ పోయినయి. మూడోది వచ్చేదాక ఎండల నిలవడ్డం. నేను తిట్టుకుంటున్న, ఆమె నవ్వుకుంటున్నది. గా ముసలవ్వ బుట్ట ముచ్చట నాకు తర్వాత శాన దినాలు యాదికొచ్చి గుచ్చింది. ఎందుకో చెప్త.

మొదటిసారి ఆమెను చూసింది మా ఇంటి ముంగటనే. కుడి చెయ్యి బట్ట మీద నిప్పురవ్వలు పడ్డట్టు సన్న సన్న చిల్లులు. కొప్పుల పెన్ను గుచ్చుకొని, ఆ పెన్ను కోసమే సంచంత ఎతుకుతున్నది.

"కాకా, బొగ్గుతోని పనిచేసిన మనిషి కావాలంటే నీ ఇల్లు చూపిచ్చిండ్రు. బొగ్గు గురించి చెప్పు."

"నల్లగుంటది" అన్న.

వేరేటోళ్లయితే పోయేటోళ్లు. ఆమె అరుగు మీద కూసున్నది. "అది నాకూ కనవడుతది. కనవడనిది చెప్పు."

నేను ముప్పై ఏండ్లు బాయిల దిగిన. తట్ట, చెమ్మస్ పార పట్టి బొగ్గు ఎత్తి టబ్బు బండ్లల్ల నింపే పని. తర్వాత కప్పు కూలకుంట దిమ్మెలు నిలవెట్టే పని. నన్ను ఒక్కలు గూడ గిట్ల అడగలే. చెప్పిన. కొత్తగ కోసిన బొగ్గు ఊకుండదు బిడ్డా, చెవి పెడితే సుర్రుమంటది, దాన్ల దాగిన గ్యాస్ బయటికొస్తది. పెద్ద పెల్లల గ్యాస్ దినాలకు దినాలు లోపల్నే ఉంటది. అదే పెల్లను దంచి చూర చేస్తే ఉన్నదంత ఒక్క తీరుగ ఇడుస్తది. అందుకే మాకు పెల్ల కంటె చూర అంటే బుగులు.

"నీకెట్ల ఎరుక?"

"సేఫ్టీ ల్యాంపు చెప్తది. గ్యాస్ ఉంటే మంట మీద నీలం టోపీ లెక్క లేస్తది. గ్యాస్ చూసే మా సర్దారుకు కండ్లు సరిగ కనవడకపోయేటియి. ల్యాంపు పట్టుకొని ముంగట నడిసింది నేనే."

ఆమె లేచి మా పొయ్యి కాడికి పోయి ఒక బొగ్గు పెల్ల తీసుకొని చెవి కాడ పెట్టుకున్నది. అది ఎప్పుడో గ్యాస్ ఇడిసిన పాత బొగ్గు, ఏమినవడుతది? అయినా కండ్లు మూసుకొని ఇన్నది. చెంపకు మసి అంటింది. మా ఇంటామె తలుపు సాటుకెల్లి గునిగింది: "సదువుకున్న పిల్ల బొగ్గుకు చెవి పెట్టవట్టె, నువ్వేం మందు పెట్టినవయ్యా?"

వారం దినాలకు నేను ఆమె పనిచేసే కాలేజీల పనికి కుదిరిన. మంచిర్యాల దిక్కు పోయే రోడ్డు మీద ఉంటది. చెప్పుకునే పేరు అటెండర్. చేసేది ఊడ్సుడు, తాళమేసుడు, బొగ్గు దంచుడు.

ఆమె పని ఏందో ఆమెనే చెప్పింది. హుజూరాబాద్ దిక్కు భూములున్న ఇంటి బిడ్డ. చిన్నప్పుడు వాళ్ల బాపు పత్తిని బోరెం సంచిల నింపేటప్పుడు ఆమెను లోపల దించి తొక్కిచ్చేటోడట. అందుకే పత్తితోనే చెప్పుడు మొదలువెట్టింది.

"హైడ్రోజన్ పత్తి లాంటిది కాకా. బరువుండదు, ఇల్లంత నిండుతది. బండ్లె పెట్టుకొని పోవాల్నంటే గట్టిగ తొక్కాలె. తొక్కాల్నంటే సిలిండర్ గోడ మందంగ ఉండాలె, మస్తు బరువైతది. మెగ్నీషియం అని తేలిక లోహం ఉన్నది. అది హైడ్రోజన్‌ను ఎండిన రేగడి నీళ్లు తాగినట్టు తాగుతది. గని తాగింది ఇడువదు. పొయ్యి మీద పెట్టినట్టు కాలవెడితెగని ఇడువదు. ఇడిసినా మెల్లగ."

"ఎందుకట్ల?" ఈసారి నేనే అడిగిన.

ఆమె మొకం ఎలిగింది. "పెల్ల పెద్దగున్నది గనక. నువ్వే చెప్పినవ్ గద! నడిమిట్ల ఉన్న గ్యాస్ అంచు దాక రావాలంటే దూరం."

"అయితె దంచు."

"దంచితే మంచిగనే ఉంటది. గని కాలవెట్టంగనె పలుకులన్నీ ఒకదానికొకటి అతుక్కొని మళ్ల పెల్లయితది. అందుకే ఒక్కో పలుకును ఒక్కో అర్రల పెట్టాలె, మీ కంపెనీ క్వార్టర్ల తీరు. అర్రలు ఎక్కడ దొరుకుతయి? నీ బొగ్గుల. గాలి తగలకుంట కాలిస్తె, జర మందు పెడితె, దాన్ల రంధ్రాలు తెరుసుకుంటయి."

"ఎంత పెద్ద రంధ్రాలు?"

తన తల వెంట్రుక ఒకటి పీకి ఎలుగుకు పట్టింది. "దీన్ని నిలువుగ చీరు. వేల పోగులు చెయ్యి. గా ఒక్క పోగు అంత."

నేను వెంట్రుక దిక్కు శానసేపు చూసిన. బాయిల ఒక మనిషి బోర్ల పండుకొని పాకిపోయే సందులు ఎరుక నాకు. వెంట్రుకను చీరిన సందుల ఏది పాకుతది? ఎట్ల పాకుతది? గదే ఆమె ప్రశ్న. గంత సన్న అర్రల గోడ పక్కపొంటి ఉన్న హైడ్రోజన్ ముందు ఉరుకుతదా, నడిమిట్లది ఉరుకుతదా? సందు సన్నగైనకొద్ది జల్ది పోతదా, ఎక్కడనో ఒకకాడ ఇరుకుతదా? లోకంల శానమంది గిదే ఎతుకుతున్నరట. ఆమె మన బొగ్గుతోని ఎతుకుతున్నది. గంతే తేడా.

నాకు తోచింది నేను చెప్పిన. బాయిల బొగ్గు స్తంభం అంచుల గ్యాస్ ముందు పోతది, లోపలి గుండె కాడ ఏండ్లకు ఏండ్లు ఉంటది. ఆమె ఎంటనే మోటు అట్ట ఉన్న పుస్తకం తీసి రాసుకున్నది. నా మాట! "కాక చెప్పిండు" అని గూడ రాసిన్నని చదివి ఇనిపిచ్చింది.

గా పుస్తకానికి ఒక కాయిద, అంటే నియమం, ఉండె. చూరను ఎవరు ముట్టినా, ఏం చేసినా, దాన్ల రాయాలె. ముట్టినోడే రాయాలె. ఒకలు ముట్టి ఒకలు రాసుడు లేదు. "మనం అన్నం తినుడు మరుస్తం గని గిది మరువద్దు" అంటుండె. నాకు ఆ కాయిద తాకలే ఎన్నడూ. నేను ముట్టేది చీపురు, తాళం, రోకలి. చూర ఆమె పని.

అక్షరం రాదన్న ముచ్చట ఆమెకు నేను చెప్పలే. ఎందుకు చెప్పాలె? అడగలే, చెప్పలే. సీసాలు రంగును బట్టి, మూతను బట్టి పట్టుకొచ్చేటోన్ని. ఒక్కసారి గూడ తప్పు సీసా తేలే.

ఎండకాలం వచ్చింది. ఆమె బొగ్గును మూడు తీర్ల చేసింది. వెడల్పు రంధ్రాలది ఒక తట్ట, నడిమి రకానిది ఒక తట్ట, అన్నిట్ల సన్న రంధ్రాలది ఒకటి. గా మూడో తట్ట మీదనే ఆమె పాణం. ఏడాది పట్టింది దాన్ని చేసే తీరు దొరకనీకి. మూడు దినాలు కరీంనగర్ పోయే పని పడ్డది. పొయ్యేటప్పుడు రెండు తట్టలు బీరువల పెట్టింది, మూడోది ఎండనియ్యాలని బల్ల మీద పెట్టి, పక్కకు ఒక కాయిదం రాసి పెట్టి, "జాగ్రత్త కాకా" అని పోయింది.

తెల్లారి నేను తలుపు తీసిన. కిటికీ సందుకెల్లి వడగాలి వస్తున్నది. బల్ల మీద ఎండిన నల్ల చూర, పిండి కంటె మెత్తగ, గాలికి సన్నగ లేస్తున్నది. పక్కనే కరెంటు పొయ్యి.

బాయిల ముప్పై ఏండ్లు ఒక్కటే నేర్పిండ్రు: ఎండు చూర కనవడితే నీళ్లు సల్లు. గ్యాస్ అంటుకుంటే ఒక గల్లీ పోతది, ఎండు చూర లేచి అంటుకుంటే బాయి మొత్తం పోతది. నేను ఆలోచన చేయలే. చెయ్యే పోయింది. చెంబుల బోరు నీళ్లు పట్టుకొచ్చి చేతి ఏళ్లతోని సల్లిన. నీళ్లు ముందుగాల గోలీల లెక్క దొర్లినయి, చూర తాగలే. చేత్తో కలిపిన. మళ్ల సల్లిన. అప్పుడు తడిసింది. గాలికి లేసుడు బందైంది. పక్కకున్న కాయిదం తడుస్తదని ముందుగాలనే తీసి దూరం పెట్టిన, పని అయినంక మళ్ల ఎక్కడున్నదక్కడ పెట్టిన. మంచి పని చేసిన్నని ఛాతి ఇంత చేసుకొని ఇంటికి వోయిన.

మూడు దినాల ఎండకు చూర ఎండిపోయింది. ఆమె వచ్చింది, ఎప్పటి తీరు బాగ కాలవెట్టి తడి తీసింది, గాలి సోకని గాజు పెట్టెల పెట్టి మెగ్నీషియం పట్టిచ్చింది. నేను చెప్పలే. దాచుదామని గాదు. పొయ్యి కాడ పిల్లి పాలు తాగకుంట మూత పెడితే ఎవరన్న చెప్తరా? గట్ల అనుకున్న.

అప్పటికెల్లి మూడు నెలలు ఆమె మొకం చూడబుద్ది కాలే. వెడల్పు రంధ్రాల చూర ఒక తీరు హైడ్రోజన్ ఇడిసింది. నడిమి రకం ఇంకా జల్ది ఇడిసింది. సన్నది అన్నిట్ల జల్ది ఇడువాలె గద? ఇడువలే. పట్టుడే తక్కువ పట్టింది, పట్టింది గూడ ఇడువదు. పది సార్లు చేసింది. యంత్రం తప్పని ఇప్పి చూసింది. పైపులు మార్చింది. చాయ్ ముంగట పెడితే మీగడ కట్టేదాక అట్లనే కూసుంటది. "ఎందుకట్ల?" అని గూడ అడుగుతలేదు.

పని చూసి, నడిపియ్యాల్నా బందు చేయాల్నా అని చెప్పే పెద్ద సార్లు వచ్చే దినం దగ్గర వడ్డది. ఒక పొద్దున నేను ఊడుస్తుంటే ఆమె రాస్తున్నది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"నాది తప్పని రాస్తున్న కాకా. సందు మరీ సన్నగైతే హైడ్రోజన్ ఆగిపోతది. రంధ్రాల మూతి కాడనే ఏదో అడ్డం పడుతుంది. గా ముసలవ్వ బుట్ట తీరు. ఎనిమిదేండ్ల పని, పోతే పోయింది. ఉన్నది ఉన్నట్టు రాయాలె గద."

"ఏం అడ్డం పడుతుంది?"

"ఎరుకలే. తెల్లగ ఏదో పొర కనవడుతుంది పెద్దగ చూపిచ్చే అద్దంల. ఉప్పు తీరు. మన చూరల ఉప్పు ఎక్కడికెల్లి వస్తది?"

నా చేతిల చీపురు ఆగింది. మూలకు చాయ్ కాచే గిన్నె ఉన్నది. దాని లోపల బోరు నీళ్లు మరిగి మరిగి గోరు మందం తెల్ల పొర. నేనే గీకుతుంట వారానికోసారి.

చెప్పకపోతే ఎవ్వలకు తెల్వది. నిజం చెప్తున్న, గా ఆలోచన వచ్చింది నాకు. ఆమె తన తప్పని రాసుకుంటది, పని బందైతది, నేను ఇంట్ల పండుకుంట. చెప్తే నా మొకం ఏడ పెట్టుకోవాలె? బాయిల కప్పు సప్పుడు చేస్తే ఎనుకున్నోనికి చెప్పనోడు మనిషి గాదు. గదొక్కటే నాకు సదువు.

"బిడ్డా, గా తట్ట మీద నేను నీళ్లు సల్లిన."

ఆమె తల ఎత్తలే. "ఏ తట్ట?"

"నువ్వు కరీంనగర్ పోయినప్పుడు. బోరు నీళ్లు. ఎండు చూర కదా, అంటుకుంటదని..."

పెన్ను కింద పెట్టింది. లేచి నిలవడ్డది. ఆమె గొంతు లేవంగ నేను గప్పుడే ఇన్న. "కాయిదం మీద ఇంతింత అక్షరాలతోని రాసి పెట్టిన గద కాకా! నీళ్లు తగలనియ్యొద్దని!"

"కాయిదం తడుస్తదని పక్కకు పెట్టి సల్లిన."

నేను చీపురును చూస్తున్న. ఆమె మెల్లగ అడిగింది: "కాకా, నీకు చదువొస్తదా?"

"రాదు."

"మరి సీసాలు?"

"ఎర్ర మూతది, పొట్టిది, మెడ సన్నగున్నది. గట్ల."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు అడగలే? అందరినీ అన్నీ అడుగుతవ్. నన్ను గదొక్కటి అడగలే."

మొరటు మాటనే. ఆ దినం నేను అనాల్సింది గాదేమో. గని ఆమె కుర్చీల కూలవడ్డది, కొప్పులకెల్లి పెన్ను తీసింది, మళ్ల గుచ్చుకున్నది. "కరెక్టే. నేను ఎరుకనే అనుకున్న. నాకెట్ల ఎరుక?" అన్నది, తనను తానే.

ఎల్లగొడతదనుకున్న. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టిన. ఆమె దాన్ని చూడలే. నా దిక్కు తిరిగి, పాత గొంతుతోని అన్నది:

"గా నీళ్లే అడ్డం పడ్డయని నీకెట్ల ఎరుక?"

"ఏంది?"

"నువ్వు సల్లినవ్, నిజమే. గని పని చెడింది అందుకేనని నీకెట్ల ఎరుక? సన్న సందుల హైడ్రోజన్ నిజంగనే ఆగుతదేమో. చూడాలె. ఆ దినం ఎట్ల సల్లినవ్?"

"ఏళ్లతోని."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. నడుమ చేత్తో కలిపిన."

"గట్లనే మళ్ల సల్లాలె నువ్వు."

అగో, గిది ఆమె. పెద్ద సార్లకు చిట్టి రాసి ఇంకా జర గడువు అడిగింది. మిగిలిన బొగ్గుతోని సన్న చూర మళ్ల చేసింది, మూడు పాళ్లు పెట్టింది. ఒకదాని మీద నేను బోరు నీళ్లు సల్లిన, చెంబు అదే, ఏళ్లు అవే. ఆమె ఎనుక నిలవడి, "ఆ దినం ఇంత భయంగ సల్లినవా? ఛాతి ఇంత చేసుకొని సల్లిన్నంటివి గద, గట్లనే సల్లు" అని నవ్వింది. రెండోదాని మీద ఆవిరి పట్టి చేసిన శుద్ధమైన నీళ్లు. మూడోదానికి ఏమీ లేదు.

గా పని నడుస్తుంటేనే ఇంకో పని మొదలైంది. పుస్తకంల ఎండకాలం పేజీ తెరిసింది. తను కరీంనగర్ పోయిన దినాల కాడ ఖాళీ జాగ ఉన్నది.

"గీడ నువ్వు రాయాలె కాకా."

"నువ్వు రాయి, నేను ఏలిముద్ర పెడత."

"నువ్వు ముట్టినవ్. ముట్టినోడే రాయాలె. నేను రాస్తే అది నేను ఇన్న ముచ్చట, నువ్వు చేసిన పని గాదు."

అరవై ఏండ్లు దాటిన ముసలోనికి గిట్ల పలక పట్టిచ్చింది. అ, ఆ తోని గాదు. మొదటి మాట నీళ్లు. రెండోది వద్దు. మూడోది చూర. ళ కింద ఒత్తు రాయరాక చేతికి చెమట వట్టేది. బాయిల దిమ్మె కింద భుజం పెట్టి కప్పును మోసిన చెయ్యి, గా ఒత్తును మోయలేకపోయింది. "తొందర లేదు కాకా, హైడ్రోజన్ గూడ మెల్లగనే వస్తుంది ఇయ్యాల" అని యంత్రం కాడికెల్లి అరుస్తుండె. ఇంట్ల మా ఇంటామె చూసి, "ఇగ లవ్ లెటర్లు రాస్తవా?" అన్నది. ఎన్ని దినాలు పట్టిందో లెక్కపెట్టలే. పలక రెండుసార్లు పగిలింది.

ఆఖరికి రాసిన. గిది రాసిన:

"ఎండకాలం. మేడం లేదు. ఎండు చూర చూసి బుగులైంది. బోరు నీళ్లు సల్లిన. చేత్తో కలిపిన. కాయిదం చదువ రాలే."

అక్షరాలు గొర్లమంద తీరు ఒక దిక్కుకు ఒరిగినయి. తప్పులు దిద్దుమన్న. దిద్దలే. "అర్థమైతుంది గద" అన్నది.

చూర సంగతి చెప్పాలె. బోరు నీళ్లు సల్లింది మళ్ల మొండికేసింది. శుద్ధమైన నీళ్లు సల్లింది, ఏం సల్లనిది, రెండూ హైడ్రోజన్‌ను గబగబ ఇడిసినయి. నడిమి రకం కంటె జల్ది, తక్కువ వేడికే. అంటే అడ్డం పడ్డది సందు గాదు, నా చెంబుల ఉప్పు. నీళ్లు పోయినయి, ఉప్పు రంధ్రాల మూతుల కాడ కూసున్నది. ఆమె ఎగిరి గంతేస్తదనుకున్న. ఎయ్యలే. ఇంకా సన్న రంధ్రాలది నాలుగో రకం చేసింది. దాన్ల ఉప్పు లేదు, నీళ్లు లేవు, అయినా మళ్ల మెల్లగైంది.

"ఇదేంది బిడ్డా, నువ్వు అనుకున్నది సగమే అయింది గద?"

"సగం!" అని చేతులు చరిచింది. "సగం నేను తప్పు కాకా! ఎక్కడి దాక సన్నగైతే ఉరుకుతది, ఎక్కడికెల్లి ఇరుకుతది? ఇప్పుడు చూడాలె!" అంత సంబురం నేను ఆమె మొకంల అంతకు ముందు చూడలే. మొత్తం గెలిస్తే అంత సంబురపడకపోయేది.

పెద్ద సార్లు వచ్చిండ్రు. ఒకాయన పుస్తకం తిప్పుకుంట నా రాత కాడ ఆగిండు. "ఇదేందమ్మా, అటెండర్ రాతనా?" అన్నడు. నేను తలుపు కాడ నిలవడి ఉన్న.

"ముట్టినోడు రాసిండు సార్" అన్నది ఆమె. గంతే. పని బందు గాలే.

తర్వాత రెండేండ్లకే ఆమెకు కడుపుల గడ్డ అన్నరు. కరీంనగర్ దవాఖానల చూడవోయిన. సూది మందు సీసాకెల్లి సన్న పైపుల చుక్క చుక్క దిగుతుంటే దాన్నే చూసుకుంట పన్నది. "చూడు కాకా, గా చక్రం జర తిప్పితే సందు సన్నగైతది, చుక్క ఆగుతది. ఎవడు కనుక్కున్నడో!" గోడ మీద బోర్డు ఉన్నది. నా సదువు చూపిద్దామని గట్టిగ కూడబలుక్కున్న: "ని... శ్శ... బ్దం... పా... టిం..." నర్సమ్మ ఉరికొచ్చి, "ఓ తాతా, ఏం లొల్లి అది? ఆ బోర్డు చదువరాదా?" అని కసిరింది. ఆమె నవ్వింది. దగ్గు వచ్చేదాక నవ్వింది. నేను చూసిన ఆఖరి నవ్వు గదే.

వానలు పడుతుండంగ పోయింది.

ఆమె అర్ర ఇప్పుడు కొత్త సారుకు ఇచ్చిండ్రు. మంచోడే. టీవీల బస్సు చూసిన మర్నాడే నన్ను పిలిపిచ్చిండు, పాత సామాను ఏది ఏందో చెప్పనీకి. బల్ల మీద మోటు అట్ట పుస్తకం ఉన్నది. పేజీలు తిప్పుకుంట నా రాత కాడ ఆయన గూడ ఆగిండు.

"తాతా, గీ పుస్తకాన్ని మంచిగ టైపు చేపిచ్చి పెడుదామనుకుంటున్న. గీ ఒక్క పేజీ తీసేద్దం. నీకూ మంచిది, ఆమెకూ మంచిది. రేపు చదివెటోళ్లు చూస్తే ఆమె పనికి మచ్చ అనుకుంటరు."

"అనుకుంటరని నీకెట్ల ఎరుక సారూ?"

ఆయన నా దోస్తు లెక్క కోపం చేయలే. పేజీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "నిజమే, నాకెట్ల ఎరుక" అన్నడు మెల్లగ. "గా నీళ్ల ముచ్చట మొత్తం చెప్పు తాతా."

చెప్పిన. బస్సు తలుపు కాడికెల్లి చెప్పిన. అయిపోయినంక పుస్తకం నా చేతిల పెట్టి ఆయన బయటికి పోయిండు. ఆమె ఆఖరిసారి రాసిన పేజీ తీసిన. నాలుగో రకం చూర గురించి ఉన్నది, సగంల ఆగింది. నేను అంత జల్ది చదవలేను. ఒక్కో అక్షరం మీద ఏలు పెట్టుకుంట, పెదవులు కదుపుకుంట చదివిన. ఆఖరి మాట "ఎందుకట్ల". దాని కింద ఖాళీ జాగ.

పుస్తకం ముట్టిన గద. రాయాలె. బల్ల మీది పెన్ను తీసుకొని, ఒత్తులు చూసుకుంట రాసిన:

"వానకాలం పోయింది. మేడం లేదు. ఈ పుస్తకం నేను తెరిసిన. ఆఖరి పేజీ మొత్తం చదివిన. కాయిదం మీద నీళ్లు పడనియ్యలే."